ఐఎస్‌ఎల్ నేర్పాలా, చేతులతో తెలుగు చూపాలా: ఏది మేలు?

వినికిడి లేని పిల్లలున్న ఇళ్లలో ఈ తర్జనభర్జన మామూలే. భారతీయ సంజ్ఞా భాష (ఐఎస్‌ఎల్) నేర్చుకోవాలా, మనం మాట్లాడే తెలుగునే మాటకో సైగ చొప్పున చూపిస్తే సరిపోతుందా? పెద్దవాళ్లు రెండోదానికే మొగ్గుతారు. కొత్త వ్యాకరణం బెడద ఉండదు, పిల్లాడికి తెలుగు చదవడమూ వస్తుందని ఆశ.

"నేను నీకు పుస్తకం ఇచ్చాను" అన్నది మాటకో సైగగా చూపబోతే 'కు' దగ్గరే ఆగిపోతాం. దానికో సైగ కల్పించాలి, లేదా వదిలేయాలి. ఐఎస్‌ఎల్‌లో పుస్తకం సైగ చేసి, ఇస్తున్న చేతిని నా దగ్గర్నుంచి మీ వైపు జరిపితే చాలు. అటు నుంచి ఇటు తెచ్చామా, "నువ్వు నాకిచ్చావు" అయిపోతుంది. మన విభక్తి చేసే పని అక్కడ చెయ్యి కదిలే దిక్కు చేస్తుంది. 'ఎవరు', 'ఎక్కడ' లాంటివి వాక్యం చివర్లో వస్తాయి. దాన్ని తప్పుల తెలుగనుకుని దిద్దే టీచర్లున్నారు. అసలది తెలుగైతే కదా!

సైగలంటే ఊరికే చేతులు ఊపడం కాదు; మాటలో ధ్వనుల్లాగే అమెరికన్ సైగల్లో చేతి ఆకారం, చోటు, కదలిక అనే విడిభాగాలున్నాయని భాషావేత్త విలియం స్టోకీ 1960లోనే చూపించారు. 1972లో బెలూజీ, ఫిషర్ అనే పరిశోధకులు కొలిచి చూస్తే ఒక్కో సైగకు మాటకన్నా దాదాపు రెట్టింపు సమయం పట్టింది. అయినా విషయం చెప్పడానికి పట్టే సమయం ఇంచుమించు సమానమే. ఒక్క కదలికలో, ఒక్క కనుబొమ్మ ఎత్తులో ఎంతో ఇమిడిపోతుంది మరి. మాటకో సైగ పద్ధతిలో ఆ వెసులుబాటు పోయి, నత్తనడక మిగులుతుంది.

కాబట్టి ఇంటి భాషగా నా ఓటు ఐఎస్‌ఎల్‌కే. రెండోదాన్ని తెలుగు పాఠం చదివించేటప్పుడు, అచ్చులో ఏ మాట ఎక్కడుందో చూపడానికి ఉంచుకోండి.

యూట్యూబ్‌లో దండిగా దొరికే అమెరికన్ సైగల జోలికి మాత్రం పోకండి. వాళ్లు అక్షరాలు ఒంటి చేత్తో చూపిస్తారు, మనవాళ్లు బ్రిటిష్ వాళ్లలా రెండు చేతులతో. డల్లాస్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబానికైతే లెక్క తిరగబడుతుంది, అక్కడ అదే నేర్చుకోవాలి.

ఢిల్లీలోని భారతీయ సంజ్ఞా భాషా పరిశోధన, శిక్షణ కేంద్రం ఐఎస్‌ఎల్ నిఘంటువు 2021కే 10,000 పదాలకు చేరింది. అయితే అందులో పదాలే ఏరుకుంటూ పోతే మళ్లీ మాటకో సైగ దగ్గరికే వస్తాం. దగ్గర్లో బధిరుల సంఘం ఉంటే పిల్లాణ్ణి దింపి వచ్చేయకుండా మీరూ కూర్చోండి.