312 ఇళ్లలో 40 ఇళ్లు: లిబ్రేఆఫీస్ కాల్క్‌తో చీటీ తీశాం

మారతహళ్లి దగ్గర మా అపార్ట్‌మెంట్‌లో మూడు టవర్లు: ఎ, బీ, సీ. టవర్‌కి 13 అంతస్తులు, అంతస్తుకి 8 ఫ్లాట్లు, మొత్తం 312 ఇళ్లు. 2024 మార్చిలో బెంగళూరు నీళ్లకు అల్లాడిపోయినప్పుడు జలమండలి కుళాయిలకు ఏరేటర్ల మీద ఆదేశాలిచ్చింది కదా, అప్పుడు మా అసోసియేషన్ ఇంటింటికీ బిగించింది. ఏరేటర్ అంటే కుళాయి మూతికి పెట్టే చిన్న జల్లెడ లాంటిది. నీళ్లలో గాలి కలుపుతుంది, వాడకం తగ్గుతుంది. ధార సన్నగా వస్తోందని కొందరు తర్వాత తీసేశారని అందరికీ తెలుసు. ఎంతమంది తీశారన్నదే ఎవరికీ తెలియదు. ట్యాంకర్ బిల్లు మళ్లీ పెరగడంతో ఆ లెక్క కావాల్సి వచ్చింది.

312 ఇళ్లలోకి వెళ్లి ప్రతి బాత్‌రూమ్ కుళాయీ చూసే ఓపిక ఎవరికీ లేదు. 40 ఇళ్లు చూద్దామన్నారు. కమిటీ సెక్రటరీ కర్నూలు అబ్బాయి. "మేడమ్, మీరు బ్యాంకులో ఇన్‌స్పెక్షన్ చేశారుగా, ఆ నలభై ఇళ్లేవో మీరే తీసిపెట్టండి" అన్నాడు. రిటైరయ్యాక ఒంగోలు నుంచి మా అబ్బాయి దగ్గరికి వచ్చేశాను. బ్రాంచీల్లో వేల వోచర్ల నుంచి యాభయ్యో అరవయ్యో తీసి చూడటం పాతికేళ్లు చేసిన పని. కాబట్టి ఒప్పుకున్నాను. ఈ పనికి వాడింది లిబ్రేఆఫీస్ కాల్క్ అనే స్ప్రెడ్‌షీట్ ప్రోగ్రామ్, 24.8 వర్షన్, మా అబ్బాయి పాత లాప్‌టాప్‌లో. డబ్బు కట్టే పని లేదు. మెనూలు తెలుగులో పెట్టుకునే వీలుంది, నాకు ఇంగ్లీషు మెనూలే అలవాటు. రాండమ్ శాంపిల్, అంటే అన్ని ఇళ్లకూ సమాన అవకాశమిచ్చి చీటీ తీసినట్టు కొన్నిటిని ఎంచడానికి అది ఎంతవరకు పనికొస్తుందో రాస్తున్నాను.

మొదట ఒక మాట. ఏ సాఫ్ట్‌వేర్ అయినా మీరిచ్చిన జాబితా నుంచే తీస్తుంది. నా చేతికిచ్చిన ఫైల్లో 331 వరుసలున్నాయి. ఇళ్లేమో 312. భార్యాభర్తలిద్దరి పేరునా రిజిస్టరయిన 19 ఫ్లాట్లు రెండేసి వరుసల్లో ఉన్నాయి. అలాగే వదిలేస్తే ఆ 19 ఇళ్లకు మిగతావాళ్ల కంటే రెట్టింపు అవకాశం. ఫ్లాట్ నంబర్ ప్రకారం సార్ట్ చేసి, ఒక్కొక్కటీ చూసి, ఇంటికి ఒక్క వరుస మిగిల్చాను. పక్కన 1 నుంచి 312 వరకు వరుస నంబర్లు వేశాను. ఒక సాయంత్రమంతా పట్టింది. శాంపిల్ తీయడానికి పట్టింది నిమిషం కూడా కాదు.

ఇంతకుముందు ఒకసారి మీటింగులో ఇలాంటిదే జరిగి గొడవైంది. అప్పుడు స్ప్రెడ్‌షీట్‌లో ప్రతి ఇంటి పక్కన రాండ్ ఫంక్షన్ (ఏదో ఒక నంబర్ దానంతటదే వేసే ఫార్ములా) పెట్టి, దాని పక్కన ర్యాంక్ లెక్కగట్టి, ర్యాంక్ 40 లోపుంటే "చూడాలి" అని వచ్చేలా చేశారు. టీవీలో అందరికీ చూపిస్తున్నారు. ఎవరో పైన ఒక గడిలో ఆ రోజు తేదీ టైప్ చేసి ఎంటర్ నొక్కారు. అంతే, "చూడాలి"లన్నీ చోటు మారిపోయాయి. "ఇందాక మా ఇల్లు లేదు, ఇప్పుడెట్లా వచ్చింది?" అని ఒకాయన లేచారు. ఆయన అడిగిందాంట్లో తప్పేముంది? రాండ్ స్వభావమే అంత. షీట్‌లో ఏ గడి మారినా కొత్త నంబర్ వేస్తుంది. ఎక్సెల్, గూగుల్ షీట్స్, కాల్క్ మూడింట్లోనూ ఇదే పద్ధతి. నంబర్లు రాగానే కాపీ చేసి, పేస్ట్ స్పెషల్‌లో విలువలు మాత్రమే అంటించి గట్టిపరచాలి. ఆ రోజు అది ఎవరికీ తట్టలేదు.

రాండ్‌బిట్వీన్ (రెండు హద్దుల మధ్య ఏదో ఒక నంబర్ ఇచ్చే ఫంక్షన్)తో 1 నుంచి 312 లోపు 40 నంబర్లు తీస్తే సరిపోదా అని కూడా అడిగారు. సరిపోదు. తీసిన చీటీని మళ్లీ డబ్బాలో వేసి తీయడం లాంటిదది. లెక్కేసి చూశాను: 312లో 40 అలా తీస్తే కనీసం ఒక్క ఇల్లయినా రెండోసారి రావడం 100కి 92 సార్లకు పైనే జరుగుతుంది. డూప్లికేట్లు ఏరుకుంటూ, వాటి బదులు మళ్లీ తీసుకుంటూ కూర్చోవాలి.

ఇక కాల్క్ సంగతి. ఇందులో శాంపిల్ కోసమే ఒక సదుపాయం ఉంది. డేటా మెనూలో స్టాటిస్టిక్స్, అందులో శాంప్లింగ్. వరుస నంబర్లున్న కాలమ్‌ని ఇన్‌పుట్‌గా ఇచ్చి, ఫలితం ఎక్కడ పడాలో ఒక గడి చూపించి, రాండమ్ ఎంచుకుని, శాంపిల్ సైజ్ 40 అని వేస్తే చాలు. విత్ రీప్లేస్‌మెంట్ అనే గడిలో టిక్ లేకుండా చూసుకోండి, టిక్ ఉంటే ఇందాక చెప్పిన రెండోసారి బెడద వస్తుంది. కీప్ ఆర్డర్ టిక్ పెడితే నంబర్లు చిన్నవాటి నుంచి పెద్దవాటికి వరుసలో వస్తాయి. మెట్లెక్కి తిరిగేవాళ్లకు అది హాయి, ఎ టవర్ కిందినుంచి సీ టవర్ పైదాకా ఒక దారిన వెళ్లిపోవచ్చు. వచ్చిన నంబర్ల పక్కన, జాబితాలో వెతికి తెచ్చే వీలుకప్ ఫంక్షన్‌తో ఫ్లాట్ నంబర్ తెచ్చుకున్నాను. పడిన నంబర్లు కదలవు, తేదీ టైప్ చేసినా మారవు.

అక్కడే పీరియాడిక్ అని ఇంకో పద్ధతి ఉంది. ఇన్నింటికి ఒకటి చొప్పున తీస్తుంది. మా కమిటీలో ఒకరికి అది బాగా నచ్చింది. "ప్రతి 8వ ఇల్లు తీద్దామండీ, 39 వస్తాయి, ఇంచుమించు 40, అన్ని అంతస్తులూ కవరవుతాయి" అన్నారు. వినడానికి న్యాయంగానే ఉంటుంది. చేసి చూపించాను. వచ్చిన 39 ఇళ్లూ 8వ నంబర్ ఫ్లాట్లే! 108, 208, 308, అలా పైదాకా. మా బిల్డింగ్‌లో ప్రతి అంతస్తులోనూ 8వది మూల ఫ్లాట్, మూడు బెడ్‌రూమ్‌లు, మూడు బాత్‌రూమ్‌లు. రెండు బెడ్‌రూమ్‌ల ఇల్లు ఒక్కటీ రాలేదు. జాబితా అంతస్తుల వారీగా, అంతస్తుకి 8 చొప్పున ఉన్నప్పుడు 8కి ఒకటి తీస్తే మరేం వస్తుంది? పీరియాడిక్ చెడ్డదని నేననను. కానీ జాబితాలో ఎన్నింటికోసారి ఏం తిరిగొస్తుందో చూడకుండా దాన్ని ముట్టుకోకూడదు.

"అసలు నలభై చూస్తే మూడొందల పన్నెండు సంగతి ఎలా తెలుస్తుంది ఆంటీ?" అని కింది ఫ్లోర్ అమ్మాయి అడిగింది. అన్నం ఉడికిందో లేదో ఒక మెతుకు పట్టుకుని చూస్తాం. గిన్నె మొత్తానికి ఒకే సెగ కాబట్టి ఏ మెతుకైనా ఒకటే. ఇళ్లు అలా కాదు. ఒకటి మూల ఫ్లాటు, ఒకటి అద్దె ఇల్లు, ఒకటి ఆరుగురుండే ఇల్లు. అందుకే చేతికందిన ఇల్లు పట్టుకోకుండా చీటీ తీస్తాం అని చెప్పాను. గణాంక శాస్త్రవేత్త మహలనోబిస్ గారు 1930లలో బెంగాల్‌లో జనపనార ఎంత విస్తీర్ణంలో వేశారో తేల్చింది శాంపిల్ సర్వేతోనే. ఆయన పెట్టిన ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లోనే 1941లో మన గణాంక శాస్త్రవేత్త సి.ఆర్. రావు గారు చేరారు. ఆయన పుట్టింది ఈ కర్ణాటకలోనే, హడగలిలో. చదివింది ఆంధ్రా యూనివర్సిటీలో. ఆ సంస్థకు బెంగళూరులో మైసూరు రోడ్డు మీద కూడా ఒక కేంద్రం ఉందని చెబితే ఆ అమ్మాయి ఆశ్చర్యపోయింది.

శాంప్లింగ్ డబ్బా నాకు నచ్చింది, కానీ చివరికి మా పనికి దాన్ని వాడలేదు. కారణం, అందులో సీడ్ ఇచ్చే చోటు లేదు. సీడ్ అంటే మనమిచ్చే ఒక అంకె, దాన్ని బట్టే రాండమ్ నంబర్ల వరుస మొదలవుతుంది. అదే సీడ్ ఇస్తే అదే వరుస మళ్లీ వస్తుంది. ఇన్‌స్పెక్షన్‌లో నేను నేర్చుకున్నది ఇదే: శాంపిల్‌ని నువ్వు తీస్తే చాలదు, ఇంకొకరు నీ పక్కన కూర్చుని మళ్లీ తీసినా అవే రావాలి. అప్పుడే "కావాలని మమ్మల్ని పెట్టారు" అన్న మాటకు జవాబుంటుంది.

దానికి కాల్క్‌లోనే ఇంకో దారి ఉంది. షీట్ మెనూలో ఫిల్ సెల్స్, అందులో ఫిల్ రాండమ్ నంబర్. జాబితా పక్కన ఖాళీ కాలమ్‌లో 312 గడులు సెలెక్ట్ చేసుకుని ఇది తెరిచాను. డిస్ట్రిబ్యూషన్ యూనిఫాం (అన్ని విలువలకూ సమాన అవకాశం), కనిష్ఠం 0, గరిష్ఠం 1. కింద సీడ్ టిక్ పెట్టి నంబర్ ఇవ్వాలి. రౌండింగ్ టిక్ మాత్రం వద్దు. రెండు దశాంశాలకు కుదిస్తే 0 నుంచి 1 వరకు 101 విలువలే ఉంటాయి, 312 ఇళ్లలో చాలామందికి ఒకటే నంబర్ పడుతుంది, వాళ్లలో ఎవరు ముందో చీటీ తేల్చదు. ఓకే నొక్కగానే నంబర్లు పడతాయి. ఫార్ములాలు కావు, ఉత్త అంకెలు, కాబట్టి మళ్లీ మారవు. తర్వాత ఆ కాలమ్ ప్రకారం సార్ట్ చేసి పై 40 తీసుకోవడమే.

సార్ట్ దగ్గర ఒక్క జాగ్రత్త. నంబర్ల కాలమ్ ఒక్కటే సెలెక్ట్ చేసి సార్ట్ అంటే, పక్కనున్నవి కూడా కలుపుకోవాలా అని కాల్క్ అడుగుతుంది. ఎక్స్‌టెండ్ సెలెక్షన్ నొక్కాలి. తొందరలో రెండోది నొక్కారా, నంబర్లు కదులుతాయి, ఫ్లాట్లు ఉన్నచోటే ఉంటాయి. చూడటానికి అంతా బాగానే ఉంటుంది, శాంపిల్ మాత్రం ఎ టవర్ మొదటి 40 ఇళ్లే! నేను సార్ట్ అయ్యాక ఎక్కడో మూడు వరుసలు పట్టుకుని, ముందే తీసిన ప్రింటుతో నంబర్లు సరిచూశాను.

ఆ ప్రింటు సీడ్ కంటే ముందే తీయాలి. మీటింగులో మొదట 312 ఇళ్ల జాబితా ప్రింటు మీద ముగ్గురు సంతకాలు పెట్టారు. తర్వాత టవర్‌కొకరు చొప్పున ముగ్గురు, వాచ్‌మన్, అక్కడే ఆడుకుంటున్న ఒక పాప, ఐదుగురు తలో అంకె చెప్పారు. 7, 0, 4, 9, 2. సీడ్ 70492. దాన్ని మినిట్స్ పుస్తకంలో రాశాం. ముందు సీడ్ తెలిసి, తర్వాత జాబితా మార్చే వీలుంటే కావలసినవాళ్లను తప్పించడం పెద్ద పనేం కాదు, అందుకే ఈ వరుస.

రెండోరోజు సీ టవర్ నాలుగో అంతస్తు ఆయన మా ఇంటికొచ్చారు. పార్కింగ్ విషయంలో మాకూ వాళ్లకూ మాటామాటా వచ్చి నెలరోజులైంది. "మా ఇల్లే ఎందుకొచ్చిందమ్మా? ఉన్నమాట చెప్పండి" అన్నారు. కూర్చోమని కాఫీ ఇచ్చి, లాప్‌టాప్ ఆయన ముందు పెట్టాను. సంతకాల ప్రింటు, మినిట్స్ పుస్తకం పక్కన ఉంచాను. పాత ఫైల్ తెరవలేదు, సార్ట్ చేయని జాబితా తెరిచి ఆయన చేతే సీడ్ కొట్టించాను, ఆయన చేతే సార్ట్ చేయించాను. పై 40లో అవే ఇళ్లు, అదే వరుస. ఆయన ఇల్లు 17వది. ఆయన వేలుపెట్టి రెండుసార్లు చదువుకున్నారు. "సరే, రేపు పొద్దున రండి, చూపిస్తాను" అని లేచారు.

ఈ పద్ధతిలో ఇంకో లాభం పని మొదలయ్యాక తెలిసింది. మూడు ఇళ్లకు తాళం. రెండుసార్లు వెళ్లాం, వాళ్లు ఊళ్లో లేరు. ఇలాంటప్పుడు పక్కింట్లోకి దూరడం మామూలు అలవాటు, ఎవరింట్లో అయితే ఏముందిలే అని. సార్ట్ చేసిన జాబితాలో 41, 42, 43 ఇళ్లు సిద్ధంగానే ఉన్నాయి, వాటిని తీసుకున్నాం. శాంప్లింగ్ డబ్బాలో సరిగ్గా 40 తెచ్చుకుంటే ఈ వెసులుబాటుండదు, ముందే 50 తీయాలి, అదీ కీప్ ఆర్డర్ పెట్టకుండా.

మిగతావాటి గురించి కొంచెం. గూగుల్ షీట్స్‌లో డేటా మెనూలో రాండమైజ్ రేంజ్ ఉంది, వరుసలన్నీ ఒక్క నొక్కుతో కలిపేస్తుంది, బహుమతి చీటీలకు అది చాలు. సీడ్ అడగదు. కొత్త ఎక్సెల్‌లో సార్ట్‌బై, రాండ్‌అరే, టేక్ కలిపి ఒక్క వాక్యంలో 40 తెచ్చేయొచ్చు, కానీ అది కూడా రాండ్‌లాగే మారిపోతుంది, విలువలుగా అంటించుకోవాలి. ఎక్సెల్ అనాలిసిస్ టూల్‌ప్యాక్‌లోని శాంప్లింగ్‌లో రాండమ్ పెడితే ఒకే ఇల్లు రెండుసార్లు వచ్చే అవకాశం ఉంది, పైగా దానికి అంకెలే ఇవ్వాలి. మా పనికి కాల్క్‌లోని ఫిల్ రాండమ్ నంబరే సరిపోయింది. శాంప్లింగ్ డబ్బాలో కూడా సీడ్ పెడితే ఇన్ని తిప్పలుండవు, అదొక్కటే నా కోరిక.

40 ఇళ్లలో 14 ఇళ్లలో ఏరేటర్లు తీసేశారు. 312కి లెక్కేస్తే 109 దగ్గర. 40 ఇళ్ల శాంపిల్ కాబట్టి అటూ ఇటూ 44 ఇళ్ల తేడా ఉండొచ్చని, అంటే 65 నుంచి 153 మధ్య ఎంతైనా కావచ్చని రిపోర్టులో రాశాను. సెక్రటరీ ఆ తేడా మాట తీసేద్దామన్నాడు, నేనొప్పుకోలేదు. ఎలాగూ 150 ఏరేటర్లకు ఆర్డర్ పెట్టారు. బిగించాక ఆరు నెలలకు మళ్లీ 40 ఇళ్లు చూడాలి. ఆ సీడ్‌కి మొదటి అంకె సీ టవర్ నాలుగో అంతస్తు ఆయన చెబుతారు.