ట్రిగ్గర్ ఇంజెక్షన్: హెచ్‌సీజీనా, లూప్రైడా, రెండూనా?

ఐవీఎఫ్‌లో పెద్ద ఫాలికల్స్ (అండం పెరిగే నీటి సంచులు) 17, 18 మిల్లీమీటర్లకి వచ్చాయని స్కాన్‌లో తేలగానే "ఈ రాత్రికి ట్రిగ్గర్" అంటారు డాక్టరుగారు, అంటే అండాలని చివరి దశలో పక్వానికి తెచ్చే ఇంజెక్షన్. అప్పటికి రోజూ పొట్టకి సూదులు పొడిపించుకుని విసిగిపోయి ఉంటాం కాబట్టి, అదేం మందు అని చాలామంది అడగరు. అడగాలి. ఏది బలమైనది అని కాదు, ఈ నెలలోనే పిండాన్ని గర్భసంచిలో పెడతారా లేక ఫ్రీజ్ చేస్తారా అని. మందు ఎంపిక చాలావరకు అక్కడే తేలిపోతుంది.

మామూలు నెలలో అండం చివరి దశలో పక్వానికి రావాలంటే మెదడు దగ్గరి పిట్యూటరీ గ్రంథి ఒక్కసారిగా ఎల్‌హెచ్ హార్మోన్ వదలాలి. హెచ్‌సీజీ (ఓవిట్రెల్, హ్యూకాగ్ లాంటివి) ఆ ఎల్‌హెచ్ చేసే పనే చేస్తుంది. కాకపోతే ఎల్‌హెచ్ గంటల్లో కరిగిపోతే, ఇది వారానికి పైగా ఒంట్లో ఉండిపోతుంది. దాని మంచీ చెడూ రెండూ ఇందులోనే ఉన్నాయి. అండం తీసేశాక కూడా ప్రొజెస్టిరాన్ తయారీ ఆగదు కాబట్టి అదే నెలలో పిండాన్ని పెట్టడానికి అనుకూలం. కానీ పీసీఓఎస్ (అండాశయాల్లో చిన్న ఫాలికల్స్ ఎక్కువగా ఉండే హార్మోన్ సమస్య) ఉండి ఇరవై, పాతిక ఫాలికల్స్ వచ్చినవాళ్లలో అండాశయాలు రోజుల తరబడి రెచ్చిపోయి, రక్తనాళాల్లోంచి నీరు కారి పొట్ట ఉబ్బడం, ఆయాసం, ఒక్కోసారి ఆస్పత్రిలో చేరాల్సి రావడం... ఓహెచ్‌ఎస్‌ఎస్ అంటే ఇదే. గర్భం నిలిస్తే శరీరమే హెచ్‌సీజీ తయారుచేస్తుంది కాబట్టి అది ఇంకా ముదరొచ్చు.

లూప్రైడ్, డెకాపెప్టిల్ అనే ఇంజెక్షన్ల దారి వేరు. ఇవి మన పిట్యూటరీ చేతే ఎల్‌హెచ్ వదిలిస్తాయి, దాంతోపాటు కాస్త ఎఫ్‌ఎస్‌హెచ్ (ఫాలికల్స్‌ని పెంచే హార్మోన్) కూడా. ఆ పోటు ఒకటిన్నర రోజులో అయిపోతుంది, ఓహెచ్‌ఎస్‌ఎస్ భయం దాదాపు పోతుంది. అయితే ప్రొజెస్టిరాన్ కూడా అంతే తొందరగా పడిపోతుంది. మామూలు మోతాదు ప్రొజెస్టిరాన్ ఇచ్చి అదే నెలలో పిండం పెడితే గర్భాలు తక్కువ నిలుస్తాయి, అబార్షన్లు ఎక్కువ. అందుకే అన్నీ ఫ్రీజ్ చేసి తర్వాతి నెలల్లో పెడతారు. ఆ ఖర్చూ ఎదురుచూపూ ముందే లెక్కలో వేసుకోండి, బిల్లు చేతికొచ్చాక గొడవపడితే లాభం లేదు.

ఇంకో షరతు. పిట్యూటరీని ముందే పూర్తిగా నిద్రపుచ్చని యాంటగోనిస్ట్ లాంటి ప్రోటోకాల్ (మందులిచ్చే పద్ధతి)లో ఉంటేనే లూప్రైడ్ ట్రిగ్గర్‌గా పనిచేస్తుంది. లాంగ్ ప్రోటోకాల్‌లో పిట్యూటరీని ముందే నిద్రపుచ్చి ఉంటారు, ఇక అది ఎల్‌హెచ్ ఎక్కడ వదులుతుంది? హైపోథలామస్ (పిట్యూటరీని నడిపించే మెదడు భాగం) సమస్య ఉన్నవాళ్లకీ ఇదే చిక్కు. అనుమానం ఉంటే మర్నాడు పొద్దున ఎల్‌హెచ్ రక్తపరీక్ష చేయిస్తారు. మందుల షాపులో అదే పేరుతో డిపో (ఒంట్లో వారాల తరబడి నెమ్మదిగా విడుదలయ్యే) ఇంజెక్షన్ కూడా ఉంటుంది, ట్రిగ్గర్‌కి వాడేది అది కాదు, చీటీ చూపించి మరీ తీసుకోండి.

రెండూ కలిపి ఇచ్చే డ్యూయల్ ట్రిగ్గర్ ఈ మధ్య ఫ్యాషన్ అయింది. కిందటిసారి అండాలు వచ్చినా ఎక్కువ భాగం పచ్చివే అయినవాళ్లకి దానిలో అర్థం ఉంది, అందరికీ రాసేయడం నాకు నచ్చదు. హెచ్‌సీజీ కొంచెం కలిసినా ఓహెచ్‌ఎస్‌ఎస్ ముప్పు కొంత వెనక్కి వస్తుంది మరి. కిస్‌పెప్టిన్ అని ఇంకొకటి లండన్‌లో పరిశోధనల్లో వాడి చూశారు కానీ, మామూలు క్లినిక్‌లో మీకు రాసిచ్చే మందు కాదది.

నన్నడిగితే: పీసీఓఎస్, ఎక్కువ ఏఎంహెచ్ (అండాల నిల్వని సూచించే హార్మోన్), ఎగ్ ఫ్రీజింగ్, అండదానం... వీటికి కళ్లు మూసుకుని లూప్రైడ్ రకం. దాత ఈ నెల గర్భం మోయదు కదా, ఆమెని ఓహెచ్‌ఎస్‌ఎస్‌కి గురిచేయడంలో న్యాయం లేదు. ఐదారు ఫాలికల్సే ఉండి ఇదే నెలలో పిండం పెట్టాలంటే హెచ్‌సీజీయే మేలు.

ఏది వేసుకున్నా టైమ్ ముఖ్యం. సాధారణంగా 34 నుంచి 36 గంటలకి పికప్ (అండాలని బయటికి తీయడం) పెడతారు, కాబట్టి సూది గంట ఆలస్యమైతే దాచకుండా క్లినిక్‌కి ఫోన్ చేయండి, పికప్ టైమ్ వాళ్లు జరుపుతారు. హెచ్‌సీజీ వేసుకున్నవాళ్లు మాత్రం తొందరపడి ఇంట్లో ప్రెగ్నెన్సీ టెస్ట్ చేసుకోవద్దు. పది రోజుల దాకా ఆ రెండో గీత ఇంజెక్షన్‌ది కావచ్చు.