పెడల్ స్టీల్‌కి ఫేజరా, కోరసా?

పెడల్ స్టీల్ అంటే కాళ్ల మీద నిలబెట్టి, ఎడమ చేత్తో బార్ అనే లోహపు కడ్డీని తీగల మీద జరుపుతూ, కాలి పెడల్స్‌తో తీగల శ్రుతి మారుస్తూ వాయించే గిటార్; ఫేజర్, కోరస్ దాని శబ్దాన్ని మార్చే ఎఫెక్ట్ పెడల్స్. ఈ మధ్య పెడల్ స్టీల్ మొదలుపెట్టిన మనవాళ్లు ముగ్గురు నలుగురు నన్ను ఇదే ప్రశ్న అడిగారు. "అన్నా, ఒక్కటే కొనాలంటే ఫేజర్ కొననా, కోరస్ కొననా?" నేను పోయిన నెలే నా కోరస్ అమ్మేశాను కాబట్టి నా మొగ్గు ఎటో దాచుకోవడానికేం లేదు, అయినా కోరస్‌కి దక్కాల్సినది దక్కేలాగే చెబుతాను. ఒక చిన్న మాట: స్టీల్‌కే పెడల్స్ ఉన్నాయి కదా, మళ్లీ ఎఫెక్ట్ పెడల్ అంటే గందరగోళం, అందుకని ఇక్కడ దాన్ని డబ్బా అంటాను.

గదిలో మోగినట్టు చేసే రివర్బ్, ప్రతిధ్వని ఇచ్చే డిలే ఈ పోటీలో లేవు. అవి కూరలో ఉప్పు, ఎలాగూ ఉంటాయి.

కోరస్ ఏం చేస్తుందో మీకు తెలిసిందే. మన శబ్దాన్నే ఇంకో కాపీ తీసి, కొన్ని మిల్లీసెకన్లు ఆలస్యం చేసి, ఆ ఆలస్యాన్ని పెంచుతూ తగ్గిస్తూ అసలు శబ్దంతో కలుపుతుంది. ఆలస్యం మారుతున్నంతసేపూ ఆ కాపీ శ్రుతి కాస్త పైకి, కాస్త కిందికి పోతూనే ఉంటుంది. మామూలు గిటార్‌లో ఫ్రెట్లున్నాయి, స్వరం కుదురుగా ఒకచోట కూర్చుని ఉంటుంది, అలాంటి చోట ఈ ఊగులాట అందంగానే ఉంటుంది. స్టీల్‌లో ఆ ఆసరా లేదు, తీగల కింద ఫ్రెట్లలా గీసిన ఆ గీతలు కంటికి గుర్తులే. శ్రుతి అంతా ఎడమ చేతిలోని బార్‌ది, మన చెవిది. గమకం కూడా మనమే ఇస్తున్నాం. మన గమకం ఒక వేగంలో, డబ్బా గమకం ఇంకో వేగంలో నడుస్తుంటే వినేవాడికి వాయించేవాడి చెయ్యి వణుకుతోందేమో అనిపిస్తుంది.

అంతకంటే పెద్ద ఇబ్బంది ఇంకోటుంది. స్టీల్ తీగలను శ్రుతి చేసే ఇ9 అనే పద్ధతిలో మూడో తీగ జి షార్ప్‌ని ట్యూనర్‌లో సూది సున్నా మీదికి తెచ్చి, తీగలన్నీ కలిపి మీటి చూడండి, కరుకుగా ఉంటుంది. ఇ నుంచి జి షార్ప్‌కి ఉన్న దూరాన్ని మేజర్ థర్డ్ అంటారు, స్వచ్ఛమైన మేజర్ థర్డ్ పియానో థర్డ్ కంటే దాదాపు 14 సెంట్లు (సెంటు అంటే పక్కపక్క స్వరాల మధ్య దూరంలో నూరో వంతు) కిందే ఉంటుంది కాబట్టి, చాలామంది ఆ తీగను కాస్త దింపి చెవికి తగ్గట్టు పెట్టుకుంటారు. అంత పట్టుదలగా కూర్చుని శ్రుతి చేసుకున్నాక, ఆ సెంట్లనే అటూ ఇటూ కదిపే యంత్రాన్ని దాని వెనకాల తగిలిస్తే ఆ పావుగంట కష్టం ఏమైనట్టు?

ఇక పెడల్ సంగతి. మూడో ఫ్రెట్ గీత మీద బార్ పెట్టి 3, 4, 5 తీగలు మీటితే జి కార్డ్. ఎ, బి పెడల్స్ నెమ్మదిగా నొక్కితే అయిదో తీగ, మూడో తీగ పైకి పాకుతాయి, నాలుగోది మాత్రం ఉన్నచోటే ఉంటుంది, కార్డ్ సి అవుతుంది. ఒకటి కదలకుండా ఉంటే మిగతావి దానికి ఆనుకుని జరగడం, ఆ వాద్యం ఏడ్చేదంతా అందులోనే ఉంది. కోరస్ వేస్తే కదలకూడని తీగ కూడా కదులుతుంది. ఇదే వరస కోరస్‌తో ఒకసారి, లేకుండా ఒకసారి ఫోన్‌లో రికార్డ్ చేసి విన్నాను, రెండో సారి విన్నాక డబ్బా అమ్మకానికి పెట్టాను.

ఫేజర్ దారి వేరు. అందులో ఉండే ఫిల్టర్లు ఒక్కో ఫ్రీక్వెన్సీని ఒక్కోలా వెనక్కి జరిపి, అసలు శబ్దంతో కలిపినప్పుడు కొన్నిచోట్ల గుంటలు పడేలా, అంటే ఆ ఫ్రీక్వెన్సీలు తగ్గిపోయేలా చేస్తాయి. 1974లో వచ్చిన ఎమ్మెక్సార్ కంపెనీ ఫేజర్, ఫేజ్ 90లో నాలుగు ఫిల్టర్ దశలు, అంటే రెండు గుంటలు, అవి మెల్లగా పైకీ కిందికీ తిరుగుతుంటాయి. మారేది శబ్దం రంగు, శ్రుతి దాదాపు ఉన్నచోటే ఉంటుంది. స్పీడ్ బాగా పెంచితే ఫేజర్ కూడా శ్రుతిని కొంచెం కుదుపుతుంది, కాదనను. నాబ్‌ని గడియారంలో తొమ్మిది దగ్గర పెట్టుకుంటే ఆ బాధ లేదు.

ఫేజర్‌లో లోపాలు లేవా అంటే ఉన్నాయి. వేగంగా మీటే వరసల్లో ఒక్కో స్వరం ఆ తిరుగుడులో ఒక్కోచోట పడి, ఒకటి లావుగా, ఇంకోటి పల్చగా వస్తుంది. పైగా వేసిన మరుక్షణం వినేవాడు 70ల అమెరికా కంట్రీ సంగీతంలోకి వెళ్లిపోతాడు. కంట్రీ గాయకుడు వేలన్ జెన్నింగ్స్ తన టెలికాస్టర్ గిటార్‌కి ఎమ్మెక్సార్‌దే ఇంకో ఫేజర్, ఫేజ్ 100 వాడి ఆ శబ్దాన్ని ఆ కాలానికి ముద్రలా కొట్టేశాడు మరి. మీకు అది వద్దనుకుంటే, కీబోర్డ్ ప్యాడ్‌లా వెనకాల మేఘంలా పరచుకునే శబ్దం కావాలంటే, కోరసే మేలు. అక్కడ శ్రుతి అంచులు కరిగిపోవడమే కావాలి.

ఇంకో సంగతి చాలామందికి కొన్నాక గానీ తట్టదు. ఎడమ కాలు పెడల్స్ మీద, కుడి కాలు వాల్యూమ్ పెడల్ మీద, రెండు మోకాళ్లూ వాటితో నెట్టి శ్రుతి మార్చే లీవర్ల మధ్య, ఎడమ చేతిలో బార్, కుడి చేతికి బొటనవేలి పిక్, రెండు ఇనప పిక్‌లు. ఇక డబ్బా తొక్కడానికి కాలేది? మా ఫ్రెండ్ ఇంటి పెరట్లో నెమ్మది పాట వాయిస్తూ ఒకసారి కుడి కాలు తీసి కోరస్ తొక్కాను. సాగాల్సిన స్వరం తగ్గుతూ ఉంటే వాల్యూమ్ పెడల్‌తో నిలబెట్టేది ఆ కాలే కదా, అది తిరిగి వచ్చేలోపు స్వరం పోయింది, పాడే అమ్మాయి వెనక్కి తిరిగి చూసింది. అప్పట్నుంచి స్టీల్ నిలబడే ముందు కాలికి చిన్న పలక బిగించి డబ్బా దాని మీద పెట్టాను, పాటకీ పాటకీ మధ్య చేత్తో నొక్కుతాను. ఫేజ్ 90కి ఒక్కటే నాబ్, పిక్‌లు తీయకుండా పిడికిలి అంచుతో తిప్పెయ్యొచ్చు. కోరస్ డబ్బా బాస్ సీఈ-2కి రేట్, డెప్త్ అని రెండు నాబ్‌లు. పిక్‌లతో ఆ చిన్న నాబ్‌లు తిప్పి చూడండి ఒకసారి.

ఫేజ్ 90లోనూ రెండు రకాలు దొరుకుతాయి. కలిపిరాత లోగో ఉన్నది మెత్తన. అచ్చక్షరాల లోగోది లోపల ఫీడ్‌బ్యాక్ ఉండి కాస్త గరగరమంటుంది. స్టీల్ పికప్‌లు గట్టి సిగ్నల్ ఇస్తాయి కాబట్టి ఆ గరగర ఎక్కువే వినిపిస్తుంది, నా ఓటు మొదటిదానికే.

వీటికి దగ్గరి చుట్టం ఫ్లాంజర్ అనే ఎఫెక్ట్ వద్దు. తిరిగే భాగాలతో శబ్దాన్ని ఊపే లెస్లీ స్పీకర్ అద్భుతం, కానీ మోసేవాళ్లు కావాలి. ఫజ్, అంటే శబ్దాన్ని గరుకుగా చీల్చే ఎఫెక్ట్ కావాలంటే ఫ్లయింగ్ బరీటో బ్రదర్స్ బ్యాండ్‌లో స్టీల్ వాద్యకారుడు స్నీకీ పీట్ క్లైనో వాయించినది వినండి, అది వేరే కథ.

ఏది ముందు, ఏది వెనక తగిలించాలో అడుగుతున్నారు: స్టీల్, వాల్యూమ్ పెడల్, ఫేజర్, డిలే, ఆంప్. ఫజ్ ఉంటే మాత్రం వాల్యూమ్ పెడల్‌కి ముందు, లేకపోతే కాలు కదిపినప్పుడల్లా దాని గరుకు మారిపోతుంది. డిలేని వాల్యూమ్ పెడల్ తర్వాతే ఉంచండి, కాలు దించినా ప్రతిధ్వని తెగకుండా సాగుతుంది. ఇంకోటి, బ్యాటరీ మీద నడిపేవాళ్లు వాయించడం అయ్యాక ఫేజర్ ఇన్‌పుట్ జాక్ పీకేయండి, దీపం ఆరి ఉన్నా జాక్ ఉన్నంతసేపూ బ్యాటరీ కరుగుతూనే ఉంటుంది.