3,800 రూపాయల పరిశోధనా పద్ధతుల కోర్సు: ఒక్క ఆదివారంతోనే డబ్బు వసూలు

సంస్థ పేరు రాయట్లేదు. నా సర్టిఫికెట్ ఇంకా వాళ్ల దగ్గరే ఉంది.

నేను కరీంనగర్ దగ్గర ఒక జూనియర్ కాలేజీలో సివిక్స్ చెప్తాను. పార్ట్‌టైమ్ పీహెచ్‌డీలో చేరి మూడేళ్లయింది. మహిళా సర్పంచుల మీద సినాప్సిస్ (పరిశోధన ప్రణాళిక) రాశాను, గైడ్ గారు సంతకం కూడా పెట్టేశారు. ఎందుకైనా మంచిదని, రాజనీతి శాస్త్ర పరిశోధనా పద్ధతులు అంటూ కనపడిన ఈ ఆన్‌లైన్ కోర్సుకు డబ్బు కట్టాను. ఆరు వారాలు, శని, ఆదివారాలు రాత్రి 7 నుంచి 9 దాకా. అంటే కూర పొయ్యి మీద, జూమ్ చెవిలో.

మొదటి వారం శుద్ధ దండగ. రాజకీయాల అధ్యయనం సైన్స్ అవుతుందా కాదా అని నాలుగు గంటలు స్లైడ్లు చదివి వినిపించారు. ఆ రెండు రోజులూ నేను చిక్కుడుకాయలు ఈనెలు తీశాను.

రెండో ఆదివారం ఒక రిటైర్డ్ ప్రొఫెసర్ గారు వచ్చారు. ఒక్కొక్కరూ రెండు నిమిషాల్లో మీ అంశం చెప్పండి అన్నారు. మహిళా సర్పంచులున్న ఊళ్లు బాగుపడతాయనేది నా వాదమని, అవార్డులు తెచ్చుకుని పేపర్లో ఫొటోలు పడ్డ ఐదు ఊళ్లు ఎంచుకున్నానని గర్వంగా చెప్పాను. సార్ ఒకటే అడిగారు: "ఏం కనపడితే నీ మాట తప్పని ఒప్పుకుంటావమ్మా?"

నా దగ్గర జవాబు లేదు. మ్యూట్‌లో ఉన్నానేమో అనుకుని ఆయన మళ్లీ అడిగారు.

"ఐదూ బాగుపడ్డ ఊళ్లే తెచ్చావు. ఆడమనిషి సర్పంచ్‌గా ఉండీ బాగుపడని ఊరేది? మగవాడు సర్పంచ్‌గా ఉండి బాగుపడ్డ ఊరేది? ర్యాంకు వచ్చిన పిల్లలనే అడిగి, అందరూ తెల్లవారుజామున నాలుగింటికే లేస్తున్నారు కాబట్టి అలా లేస్తే ర్యాంకు వస్తుందని రాసినట్టుంది." మా ఊళ్లో ఇంటర్ కాలేజీల ఫ్లెక్సీలన్నీ ఈ తర్కం మీదే నిలబడ్డాయి కదా అనిపించి, అంత అవమానంలోనూ నవ్వొచ్చింది. ఫలితం చూసి కేసులు ఏరుకోవడం పాత జబ్బేనట. 1990లో రాజనీతి శాస్త్రవేత్త బార్బరా గెడ్డెస్ ఈ తప్పు మీదే ఒక ప్రసిద్ధ వ్యాసం రాశారని చెప్పారు.

తర్వాత ఆయన చూపించినది ఆర్థికవేత్తలు రాఘవేంద్ర చటోపాధ్యాయ్, ఎస్తేర్ డఫ్లో 2004లో ప్రచురించిన అధ్యయనం. పశ్చిమ బెంగాల్, రాజస్థాన్‌లలో కలిపి 265 పంచాయతీలు. ఏ పంచాయతీ మహిళలకు రిజర్వ్ కావాలన్నది అక్కడ ఎవరి ఇష్టాన్నిబట్టీ జరగలేదు. కాబట్టి రిజర్వయిన ఊళ్లకూ కానివాటికీ మధ్య ముందునుంచీ పెద్ద తేడా ఉండే అవకాశం లేదు. ఆ తర్వాత తేడా వస్తే అది రిజర్వేషన్ వల్లే అనుకోవచ్చు. మహిళలు అధ్యక్షులుగా ఉన్నచోట రెండు రాష్ట్రాల్లోనూ తాగునీటికి ఎక్కువ ఖర్చు పెట్టారు. రోడ్ల సంగతికొస్తే బెంగాల్‌లో ఖర్చు పెరిగింది, రాజస్థాన్‌లో తగ్గింది. ఎందుకంటే రోడ్ల గురించి బెంగాల్‌లో ఆడవాళ్లు ఎక్కువ అడుగుతున్నారు, రాజస్థాన్‌లో మగవాళ్లు అడుగుతున్నారు. నేనేమో "ఆడవాళ్లు బాగా పాలిస్తారా" దగ్గరే తిరుగుతున్నాను. వాళ్లు అడిగింది "ఎవరి మాట చెల్లుతోంది" అని. ఈ రెండు ప్రశ్నలకూ ఎంత దూరముందో ఆ రాత్రి అర్థమైంది.

అప్పుడు సార్, "మీ దగ్గర మహిళా స్థానాలు ఎలా తేలుస్తారు?" అన్నారు. డ్రా తీస్తారు సార్, అన్నాను. అని ఆగిపోయాను. పార్టీలవాళ్లందరూ చూస్తుండగా చీటీలు తీసే ఆ తతంగం ఎన్నిసార్లు పేపర్లో చదివానో! అది పరిశోధకుల కోసమే ఎవరో ఏర్పాటు చేసిన ప్రయోగంలా ఉందని మూడేళ్లలో ఒక్కసారీ తట్టలేదు. అయితే ఒక మెలిక ఉంది. ఎస్సీ, బీసీ, జనరల్ అన్నది ముందే తేలిపోయి, వాటి లోపల మహిళలకేది అన్నదే డ్రా. కాబట్టి బీసీ మహిళ ఊరిని బీసీ జనరల్ (బీసీల్లో ఆడా మగా ఎవరైనా నిలబడే) ఊరితోనే పోల్చాలి, వేరే దానితో పోలిస్తే లెక్క చెడుతుంది. ఇది స్లైడ్లలో లేదు. ఆయన అక్కడికక్కడే కాగితం మీద గీసి కెమెరాకు చూపించారు.

సర్వేల వారం కూడా ఆయనదే. అన్నం ఉడికిందో లేదో చూడ్డానికి ఒక్క మెతుకు చాలంటాం కదా, అడుగున మాడిన సంగతి పైమెతుకు చెప్తుందా అని మొదలుపెట్టారు. 1936లో అమెరికా అధ్యక్ష ఎన్నికల ముందు లిటరరీ డైజెస్ట్ పత్రిక దాదాపు కోటి మందికి నమూనా బ్యాలెట్లు పంపింది. ఇరవై లక్షలకు పైగా తిరిగొచ్చాయి. రిపబ్లికన్ అభ్యర్థి ల్యాండన్ గెలుస్తాడని చెప్పింది. ఆయనకు దక్కింది రెండే రాష్ట్రాలు, గెలిచింది రూజ్‌వెల్ట్. ఫోన్ డైరెక్టరీల నుంచీ కార్ల యజమానుల జాబితాల నుంచీ పేర్లు తీసుకుంటే ఆ మాంద్యం రోజుల్లో ఎవరు దొరుకుతారు? దానికితోడు జవాబు రాసి పంపే ఓపిక ఉన్నవాళ్లే పంపారు.

నేను ఊళ్లోకి వెళ్లేది ఉదయం పదకొండింటికి. పత్తి ఏరే రోజుల్లో ఆ వేళకు ఇంట్లో ఉండేది ముసలివాళ్లూ నాలాంటి ఉద్యోగస్తులూ. నాదీ డైజెస్ట్ సర్వేనే, కాస్త చిన్నది. ఓటరు జాబితాలో ప్రతి ఇరవయ్యో పేరు తీసుకో, మనిషి లేకపోతే పక్కింటివాళ్లను అడక్కు, సాయంత్రం మళ్లీ వెళ్లు అన్నారు సార్. "సర్పంచ్ బాగా పనిచేస్తోందా?" అనే ప్రశ్న కొట్టేయించి, "పోయిన నెలలో నల్లా ఎన్ని రోజులు రాలేదు?" అని రాయించారు.

ఐదో వారం సాఫ్ట్‌వేర్. ఇక్కడే నాకు ఒళ్లు మండింది. ఆర్ (R) లాంటి గణాంకాల సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంటే, పధ్నాలుగు రోజుల్లో గడువైపోయే ట్రయల్ వెర్షన్ ఎక్కించమన్నారు. చెప్పిన కుర్రాడు మంచివాడే, కానీ ఏ బటన్ నొక్కాలో తెలుసు, ఎందుకు నొక్కాలో తెలియదు. మా వైపు ఓటరు జాబితాలో ఉండి దుబాయ్‌లో పనిచేసేవాళ్లు ఊరికి కొందరుంటారు, వాళ్లనేం చేయాలి అని అడిగాను. "డ్రాప్ చేసేయండి మేడమ్" అన్నాడు. తర్వాత సార్‌ని అడిగితే, తీసెయ్యకు, ఎంతమంది అలా ఉన్నారో ఊరువారీగా రాసుకో, ఊళ్ల మధ్య అదే పెద్ద తేడా కావచ్చు అన్నారు.

మిగతావి గబగబా. రికార్డింగులు నెల దాటితే మాయం. ఈ సంగతి డబ్బు కట్టాకే చెప్పారు. వాట్సాప్ గ్రూపులో సందేహాలకంటే శుభోదయాలు ఎక్కువ. సర్టిఫికెట్‌కు విడిగా 500, పైగా అందులో నా ఇంటిపేరు తప్పు. సరిచేయమని పంపి నాలుగు వారాలైంది.

ఐదుకు మూడు ఇస్తాను. అంశం ఖరారై, ఊళ్లు తిరగడం మొదలుపెట్టని వాళ్లు చేరండి. డేటా చేతికొచ్చాక చేరితే ఏడుపే మిగులుతుంది. కట్టేముందు రెండు సంగతులు ఫోన్ చేసి కనుక్కోండి: ఈసారీ ఆ సార్ వస్తున్నారా, రికార్డింగులు ఎన్నాళ్లుంటాయి. సార్ రాకపోతే వద్దు.

నా సినాప్సిస్ మార్చి రాశాను. గైడ్ గారు దాని మీద కూడా సంతకం పెట్టేశారు.