పార్శ్వపు నొప్పి ఉన్నవారికి జనఔషధి దుకాణం: ఏ మాత్ర కోసం వెళ్లాలి, ఏ మాత్ర దగ్గర ఆగాలి

ప్రధానమంత్రి భారతీయ జనఔషధి పరియోజన అనే ప్రభుత్వ పథకం కింద చవకగా మందులు అమ్మే దుకాణాలను మెచ్చుకునేవారిలో ఎక్కువమంది చక్కెర వ్యాధికో రక్తపోటుకో ప్రతి నెలా మందులు కొనేవారే. తీవ్రమైన మైగ్రేన్, అంటే పార్శ్వపు నొప్పి ఉండి, ప్రైవేటు వైద్యం భరించలేని వారికి ఆ దుకాణం ఎంతవరకు ఉపయోగపడుతుందో చెప్పడానికి ఈ సమీక్ష రాస్తున్నాను. కోస్తాలోని ఒక జిల్లా కేంద్రంలో ఇంటి ముందు గదిలోనే కుట్టుపని చేసుకుని బతుకుతున్నాను. నాకు ఈఎస్ఐ (ఉద్యోగులకు ఉండే ఆరోగ్య బీమా) కార్డు లేదు. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై, నేడు ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్య సేవ పేరుతో నడుస్తున్న పథకం ప్రధానంగా ఆసుపత్రిలో చేరి చేయించుకునే చికిత్సలకు ఉద్దేశించినది కనుక, నెలనెలా కొనుక్కోవలసిన తలనొప్పి మాత్రలకు దాని వల్ల ప్రయోజనం లేదు.

మైగ్రేన్‌కు అయ్యే ఖర్చును మందుల బిల్లుతో మాత్రమే లెక్కగడితే సగమే లెక్కవేసినట్లు. నొప్పి వచ్చిన రోజున ట్యూబ్‌లైటు కింద కూర్చోవడం, మిషను చప్పుడు భరించడం, నల్ల గుడ్డ మీద నల్ల దారంతో కుట్టడం సాధ్యం కాదు. వాంతులు మొదలైతే మింగిన మాత్ర కూడా కడుపులో నిలవదు. పెళ్లిళ్ల నెలలో అలాంటి రోజులు వరుసగా వస్తే ఒప్పుకున్న జాకెట్లు సమయానికి ఇవ్వలేక, వాటి కూలితో పాటు ఆ ఇంటి తరువాతి బేరం కూడా పోతుంది. అందువల్ల నా దృష్టిలో మైగ్రేన్ మందుకు అసలైన కొలత నొప్పిని ఎంత త్వరగా తగ్గించిందన్నది కాదు, నెలలో ఎన్ని నొప్పులను రాకుండా ఆపిందన్నదే. జనఔషధి దుకాణాన్ని కూడా ఆ కొలతతోనే చూశాను.

జనఔషధి పథకం 2008లో మొదలైంది, 2023 నాటికి దేశవ్యాప్తంగా పదివేల కేంద్రాలు దాటింది. కంపెనీ పేరుతో అమ్మే మందులతో పోలిస్తే ఇక్కడి ధరలు 50 నుంచి 90 శాతం వరకు తక్కువగా ఉంటాయని ప్రభుత్వం చెబుతుంది. నేను వాడే రెండు మందుల విషయంలో ఆ మాట నిజమే. ‘ఇంత చవకైన మందు పనిచేస్తుందా’ అని మా వీధిలో చాలామంది అడుగుతారు. ఈ మందులను ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్దేశించిన ఉత్పత్తి ప్రమాణాలు పాటించే తయారీదారుల వద్దనే కొని, గుర్తింపు పొందిన ప్రయోగశాలల్లో పరీక్ష చేయించిన తరువాతే దుకాణాలకు పంపుతారు. ప్రకటనలకూ, మెడికల్ రిప్రజెంటేటివ్‌లకూ అయ్యే ఖర్చు లేకపోవడమే ఈ చవకదనానికి ముఖ్య కారణం. అంతకుముందు కంపెనీ మాత్రలతో వచ్చిన ఫలితానికీ, వీటితో వచ్చిన ఫలితానికీ నాకు తేడా ఏమీ కనిపించలేదు.

నేను వెళ్లే దుకాణం పెద్దాసుపత్రి గోడను ఆనుకుని ఉంటుంది. అక్కడి ఫార్మసిస్టు మొదట అడిగే మాట “చీటీ తెచ్చారా అమ్మా?” అన్నది. మొదట్లో ఇది చాదస్తం అనిపించినా, మైగ్రేన్ విషయంలో ఆ ప్రశ్న ఎంత అవసరమో తరువాత అర్థమైంది.

మైగ్రేన్ మందులు రెండు రకాలు. ఒకటి నొప్పి వచ్చినప్పుడు వేసుకునేది, రెండవది నొప్పి ఉన్నా లేకపోయినా రోజూ వేసుకుంటూ, నొప్పులు వచ్చే రోజులను తగ్గించే నివారణ మందు. నెలలో నాలుగైదు సార్లు, లేదా పనిని పూర్తిగా నిలిపివేసేటంత తీవ్రంగా నొప్పి వచ్చేవారికి వైద్యులు సాధారణంగా ఈ రెండవ రకాన్ని రాస్తారు. ప్రొప్రనలోల్, అమిట్రిప్టిలిన్, ఫ్లునారిజిన్, టోపిరమేట్ వంటివి ఈ కోవకు చెందినవి. ఇవన్నీ చాలాకాలంగా వాడుకలో ఉన్న పాత మందులు, పేటెంట్ల గొడవ లేనివి. పేదవారి పట్ల ఈ జబ్బు చూపిన ఒకే ఒక్క దయ అదేనేమో. రోజూ వేసుకోవలసిన మాత్ర కంపెనీ పేరుతో కొంటే నెల తిరిగేసరికి భారం తెలుస్తుంది, చేతిలో డబ్బు లేని నెలలో మానేయాలనిపిస్తుంది. జనరిక్ రూపంలో, అంటే కంపెనీ పేరుతో కాక మందు అసలు పేరుతో అమ్మే మాత్రగా కొన్నప్పుడు ఆ ఆలోచనే రాదు. మానకుండా వాడగలగడమే ఈ మందులకు ప్రాణం, ఎందుకంటే ఇవి మొదటి వారంలో ఏమీ చేసినట్లు కనిపించవు. ఆరు నుంచి ఎనిమిది వారాలు, కొన్నిసార్లు మూడు నెలలు వాడితేగాని పనిచేస్తున్నదీ లేనిదీ తేలదు, నొప్పి వచ్చే రోజులు సగానికి తగ్గితే వైద్యులు దానిని మంచి ఫలితంగానే లెక్కిస్తారు. పూర్తిగా పోవాలని ఆశించి రెండు వారాలకే మానేసినవారిని నేను చాలామందిని చూశాను.

అయితే ఈ మందులను పక్కింటివారికి పనిచేశాయని కొనుక్కోకూడదు. ఉబ్బసం ఉన్నవారికి ప్రొప్రనలోల్ ప్రమాదకరం, పైగా దానిని ఉన్నట్టుండి ఆపకూడదు. అమిట్రిప్టిలిన్ నిద్రమత్తును, నోరు ఎండిపోవడాన్ని కలిగిస్తుంది కనుక తక్కువ మోతాదుతో రాత్రిపూట మొదలుపెడతారు. ఫ్లునారిజిన్‌తో బరువు పెరగవచ్చు, మనసు దిగాలు పడవచ్చు. గర్భం దాల్చే అవకాశం ఉన్న స్త్రీలకు టోపిరమేట్, మరో నివారణ మందైన వాల్‌ప్రోయేట్ గర్భస్థ శిశువుకు హాని చేయగలవు కనుక ఆ విషయం వైద్యుడితో తప్పక మాట్లాడాలి. ఫార్మసిస్టు చీటీ అడగడం ఎందుకో ఇప్పుడు వేరే చెప్పనక్కరలేదు.

ఇక మొదటి రకం, అంటే నొప్పి మాత్రల సంగతి. ఇక్కడే నా సమీక్ష మెచ్చుకోలు నుంచి పక్కకు తప్పుకుంటుంది. పారాసిటమాల్, ఐబుప్రొఫెన్, నాప్రొక్సెన్ వంటివి చవకగా దొరకడం మంచిదే, నొప్పి మొదలైన వెంటనే సరిపడా మోతాదులో వేసుకుంటే చాలామందికి పనిచేస్తాయి కూడా. కానీ చవకగా ఉన్నాయి కదా అని డబ్బాలో నింపుకుని, తల కొంచెం బరువెక్కగానే మింగడం మొదలుపెడితే ఆ మాత్రలే తలనొప్పికి కారణం అవుతాయి. సాధారణ నొప్పి మాత్రలను నెలలో 15 రోజులు లేదా అంతకుమించి, మైగ్రేన్ నొప్పికే ప్రత్యేకంగా వాడే ట్రిప్టాన్‌లనూ (సుమాట్రిప్టాన్ వంటివి), ఎర్గోటమిన్‌నూ, రెండు మూడు మందులు కలిపిన మాత్రలనూ నెలలో 10 రోజులు లేదా అంతకుమించి మూడు నెలలకు పైగా వాడితే రోజూ వచ్చే తలనొప్పిగా అది మారవచ్చునని వైద్యశాస్త్రం చెబుతుంది. మన ఊళ్లలో పార్శ్వపు నొప్పి అని చెప్పగానే కొన్ని మందుల షాపుల్లో చీటీ అడగకుండా చేతిలో పెట్టే మాత్రల్లో ఎర్గోటమిన్, కెఫీన్ కలిసినవి ఉంటాయి. గుండె జబ్బు ఉన్నవారు, గర్భిణులు ఎర్గోటమిన్ వాడకూడదు. కాబట్టి జనఔషధికి వెళ్లేది నివారణ మాత్ర కోసం కావాలి. నొప్పి మాత్రను మాత్రం ఎంత చవకైనా లెక్కపెట్టి కొనాలి, మాత్ర వేసుకున్న రోజున గోడ మీది క్యాలెండరులో గీత గీసుకోవాలి. ఆ గీతలున్న కాగితాన్ని వైద్యుడికి చూపిస్తే మన మాటలకంటే అదే ఎక్కువ చెబుతుంది.

చీటీ ఎలా సంపాదించాలన్నది తరువాతి సమస్య. నేను మొదట వెళ్లిన ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నా లక్షణాలు పూర్తిగా వినకముందే స్కానింగు రాశారు. ఆ డబ్బుతో నివారణ మాత్రలు ఏళ్ల తరబడి కొనుక్కోవచ్చు. వైద్యులు స్వయంగా చేసే పరీక్షలో నరాలకు సంబంధించిన లోపమేమీ కనిపించక, లక్షణాలు మైగ్రేన్‌కు సరిగ్గా సరిపోతున్నప్పుడు స్కానింగు సాధారణంగా అవసరం ఉండదని ప్రభుత్వ ఆసుపత్రిలోని వైద్యురాలు తరువాత వివరించారు. అక్కడి ఓపీలో నిరీక్షణ పెద్దదే, ఆ వెలుతురులో, గోలలో కూర్చోవడం తలనొప్పి మనిషికి శిక్షే. అందుకే నొప్పి లేని రోజున, పొద్దున్నే వెళ్లాలి. న్యూరాలజిస్టే చూడాలన్న నియమమేమీ లేదు, జనరల్ మెడిసిన్ వైద్యులు కూడా నివారణ మందు మొదలుపెట్టగలరు. హైదరాబాదులో ఉండేవారికి 2018లో మొదలైన బస్తీ దవాఖానాలు ఉన్నాయి, సంప్రదింపు, రక్తపరీక్షలు అక్కడ ఉచితం. ఊరు దాటి రాలేనివారు కేంద్ర ప్రభుత్వ ఈ-సంజీవని ద్వారా ఫోనులో వైద్యుడితో మాట్లాడవచ్చు. ఎక్కడ చూపించుకున్నా, మందు అసలు పేరును పెద్ద అక్షరాల్లో రాయమని అడగడానికి మొహమాటపడనక్కరలేదు. జనరిక్ పేరుతో, స్పష్టంగా రాయాలని 2016లో వైద్యుల ప్రవర్తనా నియమావళిలోనే చేర్చారు. కంపెనీ పేరు మాత్రమే ఉన్న చీటీతో జనఔషధికి వెళ్తే ఇద్దరికీ తలనొప్పే.

ఈ దుకాణం తీర్చలేని అవసరాలూ ఉన్నాయి. అన్ని మందులూ అన్ని కేంద్రాల్లో అన్ని వేళలా ఉంటాయని అనుకోకూడదు. జనఔషధి సుగమ్ అనే మొబైల్ యాప్‌లో దగ్గరలోని కేంద్రాన్నీ, మందు ధరనూ చూసుకుని, ఫోను చేసి అడిగి బయలుదేరడం మేలు. నివారణ మాత్ర అయిపోవడానికి వారం ముందే తెచ్చుకోవాలి. సుమాట్రిప్టాన్ వంటి ప్రత్యేక మందు కావలసినవారు బయటి షాపుల్లో కూడా విచారించుకోవాలి. 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యావశ్యక ఔషధాల జాబితాలో చేర్చిన ఈ మందు గుండె జబ్బు ఉన్నవారికి తగదు. అర్ధరాత్రి నొప్పి లేస్తే ఏ చవక దుకాణమూ తెరిచి ఉండదు కనుక, వైద్యుడు రాసిన నొప్పి మాత్ర, వాంతి మాత్ర ఒక్కొక్క స్ట్రిప్పు ఇంట్లో ఉంచుకోవడం తప్పనిసరి. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు 1893లో తయారుచేసిన అమృతాంజనం మా ఇంట్లో కూడా ఉంది. నుదుటికి రాసుకుంటే చల్లగా, హాయిగా ఉంటుందిగాని, అసలైన మైగ్రేన్ దానికి లొంగదు. ముక్కులో, చెవిలో పసరు పోయించుకునే పద్ధతికి మాత్రం దూరంగా ఉండమని గట్టిగా చెబుతాను.

చివరిగా, ఏ మాత్రల దుకాణానికీ వెళ్లకూడని తలనొప్పులు కొన్ని ఉన్నాయి. జీవితంలో ఎన్నడూ లేనంత నొప్పి ఒక్క క్షణంలో విరుచుకుపడినా, తలనొప్పితో పాటు ఒక చేయి, కాలు పడిపోయినా, మాట తడబడినా, జ్వరంతో మెడ బిగుసుకుపోయినా, తలకు దెబ్బ తగిలిన తరువాత నొప్పి పెరుగుతున్నా వెంటనే 108కు ఫోను చేసి పెద్దాసుపత్రికి వెళ్లాలి. ఆ అంబులెన్సుకు డబ్బు చెల్లించనక్కరలేదు. యాభై ఏళ్లు దాటాక మొదటిసారిగా మైగ్రేన్ లాంటి తలనొప్పి మొదలైనవారు కూడా మైగ్రేన్ అని తామే నిర్ణయించుకుని మందులు కొనకుండా, ముందుగా ఓపీలో చూపించుకోవాలి. అలాంటివారికి స్కానింగు రాస్తే అది అనవసరం కాదు.