నైలాన్ చక్రాలకు జీడిమెట్లలో దొరికిన మంచి మోల్డింగ్ యూనిట్

స్లైడింగ్ కిటికీల కింద తిరిగే చిన్న నైలాన్ చక్రాలు మేమే చేయించుకుంటాం. డై (అచ్చు) మాది, దానా (నైలాన్ గింజలు) మాది, మెషీన్ మీద కొట్టడం, అంటే కరిగించి అచ్చు పోయడం ఒక్కటే జాబ్ వర్క్, బయట కూలికి ఇస్తాం. పోయిన వానాకాలంలో వేరే చోట కొట్టిస్తే, బిగించిన నెలకే చక్రాలు పగిలిపోయి ఒకే అపార్ట్‌మెంట్‌కి మూడుసార్లు తిరగాల్సి వచ్చింది. వాటి మీద వెండి రంగు చారలు అప్పుడే కనిపించాయి, పైపై మచ్చలే కదా అని ఊరుకున్నాను.

తర్వాత జీడిమెట్లలోని ఈ చిన్న యూనిట్‌కి మారాను. మొదటి రోజు డై దింపి నిలబడితే ఓనర్ దానా బస్తా మూతి చూసి, "ఎప్పుడు విప్పారన్నా దీన్ని? ఇవాళ కొట్టను, రేపు రండి" అన్నాడు. కోపం వచ్చింది, సైట్‌లో అవతల టెన్షన్. కానీ ఆయన కూర్చోబెట్టి చెప్పాడు. నైలాన్ గాలిలో తేమ పీల్చేస్తుంది, మా నైలాన్ 6 కరగాలంటే 220 డిగ్రీలు దాటాలి, అంత వేడిలో ఆ నీరు నైలాన్‌లోని పొడవాటి అణువుల గొలుసుల్ని తెంపేస్తుంది, నేను చూసిన చారలు ఆ ఆవిరివేనట. అందుకే దానాని హాపర్ డ్రయ్యర్‌లో (వేడిగాలితో ఆరబెట్టే డబ్బాలో) 80 డిగ్రీల దగ్గర కనీసం 4 గంటలు ఆరబెడతాడు, ముసురు పట్టిన రోజుల్లో ఇంకా ఎక్కువ.

మర్నాడు చక్రాలు చక్కగా వచ్చాయి. వాటిని తీసుకెళ్లి వేడినీళ్ల డ్రమ్ములో వేశాడు! నిన్న తడి వద్దన్నది ఈయనేగా అని అడిగితే, మెషీన్ నుంచి అప్పుడే వచ్చిన చక్రం ఒకటి, నీళ్లలో నానినది ఒకటి పెట్టి సుత్తితో కొట్టి చూపించాడు. మొదటిది చిట్లింది, రెండోది సొట్టపడి ఊరుకుంది. అచ్చు పోశాక నైలాన్ కొంత నీరు తాగితేనే దెబ్బకు పగలకుండా తట్టుకుంటుందట. నీరు తాగితే సైజు కూడా కొద్దిగా పెరుగుతుంది కాబట్టి వెర్నియర్ పెట్టి కొలవడం ఆ తర్వాతే చేయమన్నాడు. ఇన్నేళ్లుగా ఈ పనిలో ఉన్నా నాకు ఎవరూ చెప్పని సంగతి ఇది.

ఇంకోటి బాగా నచ్చింది, రన్నర్ ముక్కలు (నైలాన్ అచ్చులోకి పారే దారిలో గడ్డకట్టి మిగిలే తుక్కు) గ్రైండ్ చేసి మనకు తెలియకుండా కలిపేయడు, విడిగా సంచిలో కట్టి ఇస్తాడు.

రేటు పక్కవాళ్ల కంటే ఎక్కువే. చెప్పిన రోజుకి మాల్ రాదు, ఫోన్ ఎత్తడు, రెండుసార్లు నేనే వెళ్లి కూర్చున్నాను. గల్లీ ఇరుకు, ట్రాలీ ఆటో తప్ప లోపలికి పోదు. వెళ్లేవాళ్లు సీలు విప్పని బస్తా తీసుకెళ్లండి, ఒక రోజు ఆదా అవుతుంది.