బహుపద పర్యాయాలు: ఇండెక్సు వేళనా, ప్రశ్న వేళనా?

లూసీన్ అనే సెర్చ్ లైబ్రరీ ఆధారిత సెర్చ్ ఇంజిన్లలో 'గుండెపోటు', 'మయోకార్డియల్ ఇన్ఫార్క్షన్' అనే ఒకే అర్థమున్న జంటను ఇండెక్సు చేసేటప్పుడే (పత్రాల్లోని పదాలను వెతుకులాటకు వీలైన పట్టికగా మార్చేటప్పుడే) విస్తరిస్తే, అంటే ఒకటి ఉన్నచోట రెండోదాన్నీ చేరిస్తే, ప్రశ్న తేలికగా, వేగంగా నడుస్తుంది. అయితే ఒక పదం ఎన్ని స్థానాల మేర విస్తరించిందో ఇండెక్సు దాచుకోదు. 'గుండెపోటు లక్షణాలు' అన్న పాఠానికి పాత సినోనిమ్ ఫిల్టర్ (పర్యాయాలను చేర్చే భాగం) 'మయోకార్డియల్'ను మొదటి స్థానంలో, 'ఇన్ఫార్క్షన్'ను 'లక్షణాలు' పక్కనే రెండో స్థానంలో కూర్చోబెడుతుంది. దాంతో 'మయోకార్డియల్ లక్షణాలు' అనే అర్థంలేని పదబంధానికి ఫలితం దొరుకుతుంది కానీ, 'మయోకార్డియల్ ఇన్ఫార్క్షన్ లక్షణాలు' అని సరిగ్గా అడిగినవారికి ఆ పత్రం దొరకదు. పైగా పర్యాయాల జాబితా మారిన ప్రతిసారీ పత్రాలన్నింటినీ మళ్లీ ఇండెక్సు చేయక తప్పదు.

ప్రశ్న వేళ విస్తరిస్తే ఆ పని తప్పుతుంది. 2017లో లూసీన్ 6.4తో వచ్చిన సినోనిమ్ గ్రాఫ్ ఫిల్టర్ పర్యాయాలను వేర్వేరు దారులుగా ఉంచుతుంది కనుక పదబంధాలు కూడా చెదరవు. ప్రశ్న కాస్త బరువెక్కుతుంది, నిజమే. జాబితా మరీ పెద్దదైతే తప్ప ఆ భారాన్ని నేను లెక్కచేయను. చూసుకోవలసినది క్వెరీ పార్సర్‌ను, అంటే అడిగిన ప్రశ్నను చదివి విడదీసే భాగాన్ని: అది ఖాళీల దగ్గర ప్రశ్నను ముందే ముక్కలు చేస్తే, రెండు పదాలు కలిసి ఫిల్టర్‌ను చేరవు. లూసీన్‌పై నడిచే సెర్చ్ ఇంజిన్ సోలార్ (Solr) 7.0 నుంచి ఈ విభజన డిఫాల్ట్‌గా జరగదు.